సాయంత్రం ఏడున్నర రివ్యూ మీటింగుల గురించి రీజనల్, జోనల్ హెడ్ గార్లకు ఒక బ్రాంచి మేనేజరు భార్య బహిరంగ లేఖ

గౌరవనీయులైన రీజనల్ హెడ్, జోనల్ హెడ్ గార్లకు,

నమస్కారం. మా ఆయన ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో బ్రాంచి మేనేజరు. ఆంధ్రప్రదేశ్‌లో ఓ మండల కేంద్రంలో బ్రాంచి. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బ్యాంకు పేరు రాయడం లేదు. బంధువుల్లో, తెలిసినవాళ్లలో వేరే బ్యాంకుల్లో పనిచేసేవాళ్లను అడిగి చూశాను. బోర్డు మీద పేరు మారుతోంది గానీ కథ మారడం లేదు. అందుకని ఇది ఒక బ్యాంకు మీదో, ఒక అధికారి మీదో ఫిర్యాదుగా తీసుకోవద్దు. మీ అందరి ఆఫీసుల్లోనూ ఏళ్ల తరబడి అలవాటైపోయి, ఇప్పుడు ఎవరికీ తప్పుగా కూడా కనిపించని ఒక పద్ధతి గురించి రాస్తున్నాను. సాయంత్రం రివ్యూ మీటింగుల గురించి.

రివ్యూ మీ వైపు నుంచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఇంటి వైపు నుంచి చెబుతాను. సాయంత్రం ఆరు దాటాక వాట్సాప్ గ్రూపులో లింకు వస్తుంది. ఏడింటికి అంటారు, ఏడున్నరకి మొదలవుతుంది. ఆయన దారిలో బైకు పక్కకి ఆపి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జాయినవుతారు. ఇంటికి చేరాక ఫోను భోజనాల బల్ల మీదికి వస్తుంది. లైన్లో రీజియన్‌లోని బ్రాంచీలన్నీ ఉంటాయి. స్క్రీన్ మీద ఎక్సెల్ షీటు. ముందు టార్గెట్ అందుకోక ఎర్ర గడుల్లో ఉన్న బ్రాంచీలు. "నిన్న ఎంత చేస్తానన్నారు? ఎంత చేశారు?" అని మొదలై "మీకిచ్చే జీతం దండగ" దాకా, ఇంకా కోపమొస్తే "ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ కావాలో మీరే చెప్పండి" దాకా వెళ్తుంది. కారణం చెప్పబోతే "కథలొద్దు, నంబర్ చెప్పండి" అంటారు. నంబర్ చెబితే "అది కాదు, కమిట్‌మెంట్ ఇవ్వండి" అంటారు. అన్నం గిన్నె మధ్యలో పెట్టుకుని ఈ మాటలన్నీ మేం వింటాం. ఆయన "యెస్ సార్, ష్యూర్ సార్" అనడం కూడా వింటాం. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒకప్పుడు ఆ టైముకి టీవీ సౌండ్ తగ్గించేది. ఇప్పుడు కంచం తీసుకుని తన గదిలోకి వెళ్లిపోతోంది. ఎందుకు వెళ్తోందో ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని మాత్రమే కాదు, మానసికంగా వేధించకూడదని కూడా చెబుతుంది. లెక్క రాని పిల్లాడిని క్లాసు మధ్యలో నిలబెట్టి "నీకు తిండి దండగ" అని నేనంటే మర్నాడు వాళ్ల నాన్న హెడ్మాస్టరు గదిలో ఉంటాడు. నా మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. ఆరో తరగతి పిల్లాడికి ఉన్న ఈ రక్షణ, సర్వీసులో జుట్టు నెరిసిన బ్రాంచి మేనేజరుకు లేదు. 2023లో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ మీటింగులో కింది ఉద్యోగుల మీద అరిచిన వీడియో దేశమంతా తిరిగింది. బ్యాంకు ఆయన్ను సస్పెండ్ చేసింది. మా ఆయన ఆ వీడియో చూసి "ఇంతేనా?" అన్నారు. మా ఇంట్లో విన్నవాటి ముందు అది నిజంగానే మెత్తగా ఉంది.

ఇది చదివే మామూలు జనం కొందరు నవ్వుకుంటారని తెలుసు. బ్యాంకుకి వెళ్తే సర్వర్ డౌన్ అంటారు, పాస్‌బుక్ మిషను పనిచేయదు, లంచ్ తర్వాత రమ్మంటారు అని మా స్టాఫ్‌రూంలోనే అంటుంటారు, నేనక్కడ ఉన్నానని కూడా చూడరు. వాళ్ల కోపం అబద్ధం కాదు. కానీ నాలుగింటికి షట్టర్ సగం దించాక లోపల ఏం జరుగుతుందో వాళ్లకి కనబడదు. క్యాష్ టాలీ అవ్వాలి. పొద్దుటి నుంచి పక్కన పెట్టిన లోన్ ఫైళ్లు అప్పుడు తెరుస్తారు. డ్వాక్రా సంఘాల రెన్యువల్స్, బంగారం ప్యాకెట్ల లెక్క, కేవైసీ పెండింగు, ఆడిట్ వాళ్లకి జవాబులు. అదంతా పనే, ఎవరో ఒకరు చేయాల్సిందే.

పని ఎక్కువైన రోజులు మాకు కొత్త కాదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, కరోనా లాక్‌డౌన్‌లో మూతికి గుడ్డ కట్టుకుని కౌంటర్లు నడిపినప్పుడు, 2024 మే నెలలో పింఛన్లు బ్యాంకు ఖాతాల్లో వేస్తే మండే ఎండలో ముసలివాళ్లంతా బ్రాంచి ముందు కూర్చున్నప్పుడు ఆయన ఎంత రాత్రికి వచ్చినా ఇంట్లో ఎవరం గొణగలేదు. తెలంగాణలో బ్యాంకులో పనిచేసే మా ఆడపడుచు ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో రుణమాఫీ డబ్బు పడినన్నాళ్లూ మాతో ఫోన్లో మాట్లాడిందే లేదు. తర్వాత కలిసినప్పుడు ఆ రోజుల గురించి ఎంత ఉత్సాహంగా చెప్పిందో! ఫలానా రైతు లోను తీరిందని తెలిసి అక్కడే కూర్చుని ఏడ్చాడట. అలసిపోయి వచ్చిన మనిషి అన్నం తిని పడుకుంటాడు. మీ రివ్యూలో మాటపడిన మనిషి తినడు, పడుకోడు, అర్ధరాత్రి లేచి రేపటి నంబర్ ఎక్కడి నుంచి తేవాలా అని ఫోన్లో కాంటాక్టులు వెతుకుతాడు.

ఇక ఆ నంబర్ల సంగతి. డిపాజిట్లు అడగండి, లోన్లు అడగండి, మొండి బాకీల వసూలు అడగండి. అది బ్యాంకు పని. నాకు అర్థం కానిది లాగిన్ డే. ఒక రోజు అటల్ పెన్షన్, ఒక రోజు క్రెడిట్ కార్డులు, ఒక రోజు లైఫ్ ఇన్సూరెన్సు, ఇంకో రోజు ఆరోగ్య బీమా. గంటకోసారి గ్రూపులో లెక్క పెట్టాలి. మధ్యాహ్నానికి సున్నా ఉంటే ఫోన్ వస్తుంది, సాయంత్రానికి సున్నా ఉంటే వీసీలో, అంటే ఆ వీడియో మీటింగులో, పేరు వస్తుంది. దెబ్బలకి భయపడే పిల్లాడు లెక్క నేర్చుకోడు, పక్కవాడిది చూసి రాయడం నేర్చుకుంటాడు. ఇక్కడా అంతే. సున్నా తప్పించుకోవడానికి తెలిసినవాళ్లను బతిమాలతారు. మా స్కూల్లో అటెండరుతో సహా అందరికీ ఆ బ్రాంచిలో ఏదో ఒక పథకం ఉంది. పంట లోను రెన్యువల్‌కి వచ్చిన రైతుకి పాలసీ కాగితం కూడా ముందు పెడతారు. కాదంటే లోను ఆగుతుందేమోనని సంతకం పెడతాడు. రెండో ఏడు ప్రీమియం కట్టడు. మొదటి ఏడు కట్టినదాంట్లో నష్టపోతాడు.

ఒకసారి పేరెంట్స్ మీటింగుకి వచ్చిన ఒక తల్లి "టీచరమ్మా, నా ఖాతాలో 436 రూపాయలు కోశారంట, ఎందుకో మీ సారునడిగి చెప్పు" అంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏటా మే నెలాఖరుకి ఖాతా నుంచి దానంతటదే కట్ అవుతుంది. పథకం చెడ్డది కాదు. ఏ కారణంతో పోయినా ఇంట్లోవాళ్లకి రెండు లక్షలు వస్తాయి. మా ఊళ్లోనే ఆ డబ్బుతో ఒక కుటుంబం నిలదొక్కుకోవడం చూశాను. కానీ ఈవిడకి తన పేరున బీమా ఉందన్న సంగతే తెలియదు. ఆవిడకే తెలియకపోతే, రేపు ఆవిడకేదైనా అయితే క్లెయిమ్ అడిగేదెవరు? ఫారం నింపిన రోజు ఆవిడని కూర్చోబెట్టి రెండు నిమిషాలు చెప్పే తీరిక ఆ కౌంటర్లో ఎవరికీ లేదు. మీ షీటులో మాత్రం అది ఆకుపచ్చ గడే.

ఇవి మా ఊరి ముచ్చట్లే అనుకోకండి. 2016లో జన్‌ధన్ ఖాతాల్లో సిబ్బందే రూపాయి రూపాయి వేసి జీరో బ్యాలెన్స్ ఖాతాల సంఖ్య తగ్గించి చూపించిన వైనం పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో అమ్మకాల టార్గెట్ల ఒత్తిడి తట్టుకోలేక ఉద్యోగులు కస్టమర్లకి తెలియకుండా లక్షల కొద్దీ ఖాతాలు తెరిచారని బయటపడింది. ముందు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. చివరికి 2020లో ఆ బ్యాంకు 300 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. మన దగ్గర 2024 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే బ్యాంకర్ల సభలో, బీమాని తప్పుగా అంటగడితే అప్పు తీసుకునేవాళ్ల ఖర్చు పరోక్షంగా పెరుగుతుందని హెచ్చరించారు. ఆ వార్త పేపర్లో చదివి మా ఆయనకి చూపించాను. ఆ వారం కూడా లాగిన్ డే ఉంది.

మీకు బాగా తెలిసిన ఒక సర్క్యులర్ గురించి చెప్పాలి. సున్నితమైన బాధ్యతల్లో ఉన్న ఉద్యోగులని ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, వరసగా కనీసం పది పనిదినాలు సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జులైలో ఆదేశించింది. ఆ రోజుల్లో ఉద్యోగి ఆఫీసు మెయిల్ తప్ప తన పనికి సంబంధించిన దేన్నీ ముట్టుకోకూడదు. కారణం ఆరోగ్యం కాదు. మనిషి సీట్లో లేనప్పుడు అతను దాచిన మోసమేదైనా ఉంటే బయటపడుతుందని. మా ఆయన పోస్టు ఆ జాబితాలో ఉంది. ఒకరోజు పొద్దున్న ఎవరో వచ్చి తాళాలు తీసుకున్నారు, ఈయన ఇంటికొచ్చేశారు. మొదటి రెండు మూడు రోజులు ఏడున్నర అయ్యేసరికి అలవాటు కొద్దీ ఫోన్ కోసం జేబు తడుముకున్నారు. ఆ తర్వాత మా అమ్మాయికి ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఎమ్మెస్సీ ఫిజిక్స్ అన్న సంగతి దానికి అప్పుడే తెలిసింది. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లొచ్చారు. బీపీ చూపించుకున్నారు. బ్రాంచి మూతపడలేదు, లోన్లు ఆగలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు.

అంటే ఒక బ్రాంచి మేనేజరు పూర్తిగా ఫోన్ ఆపేసి ఉన్నా బ్యాంకు నడుస్తుందని మీకు తెలుసు. దొంగతనం పట్టుకోవడానికైతే ఆ ఏర్పాటు చేయగలిగారు. మనిషి ప్రాణం కుదుటపడటానికి ఒక్క ఆదివారం చేయలేరా? మామూలు సెలవు అడిగితే "క్లోజింగ్ టైం, ఇప్పుడెలా" అంటారు. మార్చి 31 ఒక క్లోజింగ్ అని నాకు పెళ్లికి ముందే తెలుసు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు కూడా క్లోజింగులేనని పెళ్లయ్యాక తెలిసింది.

పనిచోట అదుపులేని, ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే అలసటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణలో పేర్కొంది. విడిగా జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అంది. అంటే సరిచేయాల్సింది ముందు ఉద్యోగాన్ని. ఆ సంస్థే అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. దీనికి మీ వైపు నుంచి వచ్చిన మందు ఏమిటో తెలుసా? ఒత్తిడిని జయించడం ఎలా అని ఒక వెబినార్. ఆదివారం పొద్దున పెట్టారు. హాజరు తప్పనిసరి. చూసినట్టు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. ఆయన ఉప్మా తింటూ చూశారు, మేం పడీ పడీ నవ్వాం. ఇంకేం చేస్తాం?

ఐదు రోజుల పనివారం వస్తే అన్నీ సర్దుకుంటాయని యూనియన్ల వాళ్లు అంటారు. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు కూడా ఇవ్వాలని 2024 మార్చిలో బ్యాంకుల సంఘానికీ యూనియన్లకీ అవగాహన కుదిరి, ప్రభుత్వ ఆమోదం దగ్గర ఆగింది. బదులుగా రోజుకి 40 నిమిషాలు ఎక్కువ పనిచేస్తామన్నారు. లెక్క వేసి చూశాను. వారానికి 200 నిమిషాలు, నాలుగు వారాలకి 13 గంటల 20 నిమిషాలు. క్లర్కుకి రోజుకి ఆరున్నర గంటల పని అనుకుంటే రెండు శనివారాలు 13 గంటలు. బ్యాంకుకి ఇరవై నిమిషాలు లాభమే. ఎల్ఐసీలో 2021 మే నుంచి ఐదు రోజులే, అక్కడ కొంప మునగలేదు. కాబట్టి రావాలి, నేనూ కోరుకుంటాను. కానీ వచ్చినా మా ఇంటికి ఒరిగేదేంటో నాకు అనుమానమే. ఇప్పుడున్న రెండో శనివారమే మాది కాదు. గోల్డ్ లోన్ క్యాంపు అంటారు, రికవరీ డ్రైవ్ అంటారు, ఏదీ లేకపోతే రీజనల్ ఆఫీసులో మీటింగ్ అంటారు. అలవాటు మారకుండా సెలవులు పెంచితే క్యాంపులు పెరుగుతాయి.

చట్టం దగ్గరికి వెళ్దామంటే అదీ లేదు. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో వర్కర్ అన్న నిర్వచనంలోకి బ్రాంచి మేనేజరు రాడు. క్లర్కుకి పని గంటలున్నాయి, దాటితే ఓవర్‌టైం ఉంది. ఆఫీసరుకి ఓవర్‌టైం లేదు. పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు) ఉద్యోగం వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. పని వేళలు దాటాక ఆఫీసు ఫోన్లు ఎత్తకుండా ఉండే హక్కుని ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో చట్టంగా అమల్లోకి తెచ్చాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు ఇలాంటి బిల్లుని 2018లో ఒకసారి, 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు పెట్టేది. అలాంటి బిల్లు ఏదీ 1970 తర్వాత మన పార్లమెంటులో చట్టం కాలేదు కాబట్టి దాని మీద నేను ఆశ పెట్టుకోలేదు. అందుకే మీకు రాస్తున్నాను. ఇది మీ చేతిలో ఉన్న పని. సాయంత్రం లింకు పంపమని ఏ చట్టమూ మీకు చెప్పలేదు.

మీ పైన కూడా ఒకరున్నారని తెలుసు. రీజనల్ హెడ్‌ని జోనల్ హెడ్ అడుగుతారు, జోనల్ హెడ్‌ని ముంబైలోనో ఢిల్లీలోనో ఇంకొకరు అడుగుతారు. మీ ఇంట్లో కూడా మీ భోజనం చల్లారిపోతూనే ఉండొచ్చు. అందువల్ల మిమ్మల్ని టార్గెట్లు మానేయమనడం లేదు. రివ్యూ పొద్దున పెట్టండి. బ్రాంచి తెరిచే లోపు ఇరవై నిమిషాలు చాలు, ఎవరికీ ఉపన్యాసం ఇచ్చే టైం మిగలదు. మందలించాల్సి వస్తే ఆ ఒక్క మనిషిని పిలిచి మందలించండి. మీటింగులన్నీ రికార్డు చేయించండి, ఉద్యోగి అడిగితే కాపీ ఇవ్వాలని రాతపూర్వకంగా పెట్టండి. మాట దానంతటదే మర్యాదగా మారుతుంది. సెలవు రోజు ఫోన్ చేయాల్సినవి ఉంటాయి, కాదనను. దొంగతనం, సైబర్ మోసం, క్యాష్ తేడా, షార్ట్ సర్క్యూట్. అటల్ పెన్షన్ ఫారాలు ఆ జాబితాలోకి రావు.

ఇంకొకటి, ఇది లెక్కల టీచరుగా అడుగుతున్నాను. ఐదుగురు పనిచేసిన బ్రాంచిలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. టార్గెట్ మాత్రం ఐదుగురున్నప్పటి కన్నా పెరిగింది. మీ ఎక్సెల్‌లో సిబ్బంది సంఖ్యకి ఒక కాలమ్ పెట్టి దానితో భాగించి చూడండి. ఎర్ర గడులు చాలా వరకు రంగు మారతాయి. బీమా పాలసీల్ని అమ్మిన రోజు కాకుండా రెండో ఏడు ప్రీమియం పడిన రోజు లెక్కపెట్టండి. ఆకుపచ్చ గడులు కూడా కొన్ని రంగు మారతాయి.

ఈ ఉత్తరం మా ఆయన చదివారు. రెండు పేరాలు తీసేయమన్నారు. ఒకటి తీసేశాను. ఆయన భయం ఏమిటో నాకు తెలుసు. ఇది రాసింది ఏ బ్రాంచి మేనేజరు భార్యో కనుక్కోవడానికి రేపు మరో వీసీ పెడతారని. పెట్టేదుంటే పొద్దున్నే పెట్టండి.

ఇట్లు,
ఒక బ్రాంచి మేనేజరు భార్య